విశ్వవిద్యాలయాలకు మార్కులు వేయడమెలా?

మీది యానాం అనుకుందాం. పన్నెండో తరగతి గట్టెక్కింది. ఇంజనీరింగ్ చదవాలని ఉంది. మీ ఊరు గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో ఉన్నా, పరిపాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. కనుక సెంటాక్ దరఖాస్తు తెచ్చుకుని, ఏ కళాశాల ముందు రాయాలి, ఏది తరువాత రాయాలి అని ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచిస్తారు. నాన్నగారు ఒక ర్యాంకుల పట్టిక చూపించి "ఇదే మేలు" అంటారు. మేనమామ మరో పట్టిక చూపిస్తాడు. అందులో అదే కళాశాల ఎక్కడో అడుగున ఉంటుంది. రెండు పట్టికలూ అచ్చయినవే, రెంటి కిందా ఏదో పెద్ద పేరే ఉంది. మరి ఒకే కళాశాల ఒకచోట పైన, ఇంకోచోట కింద ఎలా ఉంటుంది?

పట్టిక వేసినవాళ్ళు దేన్ని కొలిచారో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించి 2016 నుంచి విడుదల చేస్తున్న జాతీయ ర్యాంకింగ్ విధానాన్నే తీసుకోండి. ఇంజనీరింగ్ సంస్థలకు అది నూటికి 30 మార్కులు బోధన, వనరులకు ఇస్తుంది. పరిశోధనకు 30, చదువు ముగించి వెళ్ళిన విద్యార్థుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ చోటివ్వడానికి 10, పదిమందిలో ఉన్న పేరుకు 10. ఈ పట్టికలో ఇంజనీరింగ్ విభాగంలో ఐఐటీ మద్రాస్ తొలి సంవత్సరం నుంచీ మొదటి స్థానంలోనే ఉంది. ఇవన్నీ కాకుండా, కేవలం అక్కడి అధ్యాపకుల పరిశోధన ఎంత ప్రభావం చూపిందో లెక్కగట్టి ర్యాంకులు ఇచ్చే పట్టికలూ ఉన్నాయి. ఈ రెండో రకం పట్టికల లోగుట్టు ఏమిటో ఈసారి చూద్దాం. లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు, ఎనిమిదో తరగతి గణితం చాలు.

గ్రంథాలయంలో పుట్టిన లెక్క

ఒక శాస్త్రజ్ఞుడు పరిశోధన పత్రం రాసేటప్పుడు, తన పనికి ఆధారమైన పాత పత్రాలను చివర పేర్కొంటాడు. దీన్నే సైటేషన్ అంటారు. తెలుగులో ఉల్లేఖన అందాం. మీ పత్రాన్ని మరో పదిమంది తమ పత్రాల్లో పేర్కొంటే మీకు పది ఉల్లేఖనలు వచ్చాయన్నమాట. ఎక్కువ మంది పేర్కొన్నారంటే ఎక్కువ మందికి పనికి వచ్చిందని అనుకోవచ్చు. ఈ 'అనుకోవచ్చు' దగ్గరే చిక్కంతా ఉంది. దాని సంగతి కాసేపు ఆగి చూద్దాం.

ఈ లెక్క మొదలైంది ర్యాంకుల కోసం కాదు. 1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్ దంపతులకు ఒక గృహస్థు సమస్య వచ్చింది. చిన్న కళాశాల, గ్రంథాలయానికి డబ్బు తక్కువ. ఏ రసాయన శాస్త్ర పత్రికలకు చందా కట్టాలి? వాళ్ళు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో 1926 సంవత్సరపు సంపుటం ముందు పెట్టుకుని, అందులోని పత్రాలు ఏయే పత్రికలను ఎన్నిసార్లు పేర్కొన్నాయో ఓపికగా లెక్కపెట్టారు. ఎక్కువసార్లు కనిపించిన పత్రికలకు చందా కట్టమన్నారు. ఎంత తెలివైన పని! ఆ తరువాత 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన శాస్త్రలోకం మొత్తానికీ ఇలాంటి సూచిక తయారుచేయాలని ప్రతిపాదించి, 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పేరుతో అచ్చువేయించాడు. ఆ సంపుటాలు బరువైనవి, అక్షరాలు చీమలంత. నేడు అదే పని కంప్యూటర్లలో వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ అనే మూడు పెద్ద భాండాగారాలు చేస్తున్నాయి.

పత్రికకు చందా కట్టాలా వద్దా అని తేల్చడానికి పుట్టిన లెక్క క్రమంగా మనుషుల మీదికి వచ్చింది. ఆచార్య పదవి ఇవ్వాలా వద్దా, ప్రాజెక్టుకు నిధులివ్వాలా వద్దా అన్న చోట్ల వాడసాగారు. అక్కడినుంచి సంస్థల మీదికి వచ్చింది.

హెచ్ సూచిక అంటే

ఒక అధ్యాపకుడికి మొత్తం ఉల్లేఖనలు వెయ్యి ఉన్నాయనుకోండి. గొప్పవాడేనా? ఆ వెయ్యిలో 990 ఒక్క పత్రానివే అయి, ఆ పత్రంలో ఆయన ఇరవయ్యో రచయిత అయితే? ఇంకొకరికి వంద పత్రాలున్నాయి, కాని ఎవరూ చదవలేదు. మరి పత్రాల సంఖ్య, ఉల్లేఖనల సంఖ్య రెంటినీ కలిపి ఒకే అంకెలో చెప్పే మార్గం ఉందా? కాలిఫోర్నియాకు చెందిన హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు 2005లో ఒక ఉపాయం చెప్పాడు. దాని పేరే హెచ్ సూచిక.

ఒక అధ్యాపకురాలు ఎనిమిది పత్రాలు రాశారు. వాటికి వచ్చిన ఉల్లేఖనలను పెద్దది ముందు పెట్టి వరుసగా రాద్దాం: 40, 18, 9, 6, 5, 3, 1, 0. ఇప్పుడు ఒక్కొక్కదానికీ వరుస సంఖ్య వేయండి. మొదటి పత్రానికి 40, రెండోదానికి 18, మూడోదానికి 9, నాలుగోదానికి 6, ఐదోదానికి 5. ఐదో పత్రం దాకా ఉల్లేఖనలు వరుస సంఖ్యకు తగ్గలేదు. ఆరో పత్రానికి మూడే ఉన్నాయి, ఆరు కంటే తక్కువ. కనుక అక్కడ ఆగాలి. ఆమె హెచ్ సూచిక 5. అంటే కనీసం ఐదేసి ఉల్లేఖనలు పొందిన పత్రాలు ఐదు ఉన్నాయని అర్థం.

ఇందులో ఒక సుగుణం గమనించండి. మొదటి పత్రానికి 40కి బదులు 4,000 ఉల్లేఖనలున్నా సూచిక మారదు. ఒక్క అదృష్టంతో ఎగిరిపోవడం కుదరదు. చివర ఇంకో యాభై పనికిరాని పత్రాలు చేర్చినా మారదు. లోపం కూడా అక్కడే ఉంది. 4,000 ఉల్లేఖనల పత్రం నిజంగా ప్రపంచాన్ని మార్చినదే అయినా ఈ సూచికకు అది కనిపించదు! పైగా ఇది వయసుతో పెరుగుతుందే కాని తరగదు. అరవై ఏళ్ళ ఆచార్యుడిని, ముప్ఫై ఏళ్ళ ఉపన్యాసకురాలిని ఈ అంకెతో పోల్చడం తాతనూ మనవరాలినీ ఎత్తు పక్కన పెట్టి వయసుతో పోల్చినట్లే.

మనిషి నుంచి సంస్థకు

ఇక విశ్వవిద్యాలయం సంగతి. ఇక్కడ మన దేశంవాడే ఒకాయన ముందడుగు వేశాడు. గంగన్ ప్రతాప్ వృత్తిరీత్యా వైమానిక ఇంజనీరు. విమానాల నిర్మాణంలో వచ్చే లెక్కలు చేసిన మనిషి. హిర్ష్ సూచిక వచ్చిన మరుసటి ఏడే, 2006లో, 'కరెంట్ సైన్స్' పత్రికలో సంస్థలకు రెండు సూచికలు ప్రతిపాదించాడు. మొదటిది, సంస్థ మొత్తం ప్రచురించిన పత్రాలన్నిటినీ ఒకే మనిషి రాసినట్టు భావించి హెచ్ సూచిక కట్టడం. రెండోది ఇంకా సొగసైనది. సంస్థలోని ఒక్కొక్కరి హెచ్ సూచికా తీసుకుని, వాటినే ఉల్లేఖనల్లా వరుసగా పేర్చి, మళ్ళీ హెచ్ సూచిక కట్టడం. హెచ్ సూచిక కనీసం ఆరు ఉన్నవాళ్ళు ఆరుగురు ఉంటే ఆ సంస్థకు ఆరు.

రెండు కళాశాలలను ఊహించండి. ఊహించినవే సుమా, నిజమైనవి కావు. ఉత్తర కళాశాలలో పదిమంది అధ్యాపకులు. వాళ్ళ సూచికలు 42, 6, 5, 4, 3, 3, 2, 2, 1, 0. దక్షిణ కళాశాలలోనూ పదిమందే. సూచికలు 9, 8, 8, 7, 7, 6, 6, 5, 4, 3.

అన్నీ కూడితే ఉత్తరానికి 68, దక్షిణానికి 63. సగటు తీస్తే 6.8, 6.3. రెండు విధాలా ఉత్తరమే ముందు. ఇప్పుడు మధ్యగతం చూడండి. ఉత్తరానికి 3, దక్షిణానికి 6.5. ప్రతాప్ చెప్పిన రెండో సూచిక కట్టండి. ఉత్తరంలో నాలుగోవారికి 4 ఉంది, ఐదోవారికి 3 మాత్రమే, కనుక 4. దక్షిణంలో ఆరోవారికి 6 ఉంది, ఏడోవారికీ 6 మాత్రమే, కనుక 6. ఈ రెండు పద్ధతుల్లోనూ దక్షిణమే ముందు! సమాచారం అదే, మనుషులూ వాళ్ళే, ర్యాంకు మాత్రం తిరగబడింది. మీ నాన్నగారి పట్టికా, మేనమామ పట్టికా ఎందుకు కలవలేదో ఇప్పుడు అర్థమైందా?

ఉత్తరంలో 42 ఉన్న ఆచార్యుడు వచ్చే నెల పదవీ విరమణ చేశాడనుకోండి. మొత్తం 68 నుంచి ఒక్కసారిగా 26కు పడిపోతుంది. మధ్యగతం మాత్రం 3 దగ్గరే ఉంటుంది. నన్నడిగితే, నాలుగేళ్ళు చదవబోయే విద్యార్థికి మధ్యగతమే ఎక్కువ చెబుతుంది. తరగతిలో మీకు ఎదురయ్యేది ఆ మధ్యవాళ్ళే. 42 సూచిక ఉన్న ఆయన మీకు రెండో సంవత్సరంలో పాఠం చెబుతాడో లేదో ఎవరికి తెలుసు?

ప్రతాప్ మరో కొలత కూడా ఇచ్చాడు, పీ సూచిక అని. మొత్తం ఉల్లేఖనలను వర్గం చేసి, పత్రాల సంఖ్యతో భాగించి, ఘనమూలం తీయాలి. చూడ్డానికి భయపెట్టినా లోపల ఉన్నది తేలికే. మొత్తం ఉల్లేఖనలు పరిమాణాన్ని చెబుతాయి, ఒక్కో పత్రానికి సగటు ఉల్లేఖనలు నాణ్యతను చెబుతాయి. ఆ రెంటి లబ్ధం ఇది. మరి ఘనమూలం ఎందుకు? ఒకరికి సరిగ్గా 5 పత్రాలు, ఒక్కొక్కదానికి సరిగ్గా 5 ఉల్లేఖనలు ఉన్నాయనుకోండి. హెచ్ సూచిక 5. మొత్తం ఉల్లేఖనలు 25. దాని వర్గం 625, ఐదుతో భాగిస్తే 125, ఘనమూలం 5. రెండు సూచికలూ ఒకే కొలబద్ద మీదికి వచ్చాయి. మన అధ్యాపకురాలికి ఎనిమిది పత్రాలు, 82 ఉల్లేఖనలు. ఆమె పీ సూచిక దాదాపు 9.4. హెచ్ సూచిక దాచేసిన ఆ 40 ఉల్లేఖనల పత్రం ఇక్కడ తలెత్తింది. 2009లో ప్రతాప్, బి. ఎం. గుప్తా కలిసి, 1999 నుంచి 2008 వరకు మన దేశపు ఇంజనీరింగ్, సాంకేతిక సంస్థలు చేసిన పరిశోధనకు ర్యాంకులు కట్టి అదే 'కరెంట్ సైన్స్'లో ప్రచురించారు.

ఒక్కడే చాలు

పెద్ద పెద్ద పట్టికలు కూడా ఒక్క మనిషి బరువుకు ఒరిగిపోయిన సందర్భాలున్నాయి. 2010లో బ్రిటన్‌కు చెందిన టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ప్రపంచ పట్టికలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం 147వ స్థానంలో నిలిచింది. పరిశోధన ప్రభావం అనే అంశంలోనైతే ప్రపంచంలోనే నాలుగోది! కారణం వెతికితే, తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలోనే విస్తారంగా రాసిన ఒకే ఒక్క పండితుడి ఉల్లేఖనలు దాన్ని అంత ఎత్తుకు లేపాయని తేలింది.

మన దేశంలో కథ వేరు, అందులో ఎవరి తప్పూ లేదు. 2013లో అదే పట్టికలో భారతీయ సంస్థలన్నిటికంటే ముందు నిలిచింది ఏ ఐఐటీయో కాదు, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం. అక్కడి భౌతిక శాస్త్రజ్ఞులు జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో జరిగే మహా ప్రయోగాల్లో పాలుపంచుకుంటున్నారు. హిగ్స్ కణాన్ని కనుగొన్న ఆ పనికి వచ్చిన ఉల్లేఖనలన్నీ, పాల్గొన్న ప్రతి సంస్థ ఖాతాలోనూ పూర్తిగా పడ్డాయి. సెర్న్ వారి 2015 పత్రం ఒకటుంది. దానికి రచయితలు 5,154 మంది! ముప్ఫై మూడు పేజీల్లో ఇరవై నాలుగు పేజీలు పేర్లకూ చిరునామాలకే సరిపోయాయి. ఒక్కొక్కరికి ఎంత వాటా ఇవ్వాలి? సమానంగా పంచితే ఎవరికీ ఏమీ మిగలదు, అందరికీ పూర్తిగా ఇస్తే ఒకే రూపాయిని ఐదువేల సార్లు లెక్కపెట్టినట్టు. ఆ ఏడే పట్టికవాళ్ళు వెయ్యి మందికి మించి రచయితలున్న పత్రాలను పక్కన పెట్టేశారు.

పండితులను బట్టి సంస్థను కొలిస్తే, పండితులను కొనుక్కోవాలన్న ఆశ పుడుతుంది. సౌదీ అరేబియాలోని కొన్ని విశ్వవిద్యాలయాలు, ఎక్కువ ఉల్లేఖనలున్న విదేశీ శాస్త్రజ్ఞులకు డబ్బిచ్చి, తమ సంస్థ పేరును రెండో చిరునామాగా రాయించుకుంటున్నాయని 2011లో 'సైన్స్' పత్రిక రాసింది. మనిషి అమెరికాలో, ర్యాంకు అరేబియాలో! పత్రాల సంఖ్య కోసం తొందరపడి తప్పులతడకలు ప్రచురించి తరువాత వెనక్కి తీసుకునే జబ్బు మన దేశంలోనూ ముదిరింది. అందుకే మన జాతీయ ర్యాంకింగ్ విధానం 2025 నుంచి వెనక్కి తీసుకున్న పత్రాలకు మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది.

పేరులోనే తంటా

ఇది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా తగిలే సమస్య. మన ఇంటిపేరు ముందు పొట్టి అక్షరంగా నిలబడుతుంది, రావు, రెడ్డి, కుమార్ లాంటివి చివర వస్తాయి. విదేశీ కంప్యూటరు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. అంటే మన 'కె. శ్రీనివాసరావు'లు ఎంతమంది ఉన్నారో అందరూ ఒకే ఖాతాలో పడే ప్రమాదముంది. ఒకరి ఉల్లేఖనలు ఇంకొకరికి వెళ్ళిపోతాయి, లేదా ఒకే మనిషి మూడు ముక్కలవుతాడు. ఈ గందరగోళం తప్పించడానికే 2012 నుంచి ఆర్కిడ్ అనే సంఖ్యను శాస్త్రజ్ఞులకు ఇస్తున్నారు, పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య.

సంస్థల పేర్లతోనూ ఇదే తంటా. దీనికి పుదుచ్చేరి కంటే మంచి ఉదాహరణ దొరకదు. తూర్పు తీరపు రహదారి మీద మద్రాసు వైపు వెళ్తుంటే కాలాపేట్ దగ్గర రెండు విద్యాసంస్థలు దాదాపు పక్కపక్కనే వస్తాయి. ఒకటి పార్లమెంటు చట్టంతో 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. దాని పేరు నేటికీ పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే. రెండోది 1984లో పాండిచ్చేరి ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై, 2020లో పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారినది. కళాశాలగా ఉన్నన్నాళ్ళూ అది పక్కనున్న విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. మధ్యలో 2006లో ఊరి పేరే పాండిచ్చేరి నుంచి పుదుచ్చేరిగా మారింది. ఇది చాలనట్టు 2010లో ఎన్‌ఐటీ పుదుచ్చేరి వచ్చింది. అది ఉన్నది పుదుచ్చేరి పట్టణంలో కాదు, దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న కారైకాల్‌లో!

ఇప్పుడు 1998లో పాండిచ్చేరి ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడొకరు రాసిన పత్రం ఉందనుకోండి. చిరునామాలో కళాశాల పేరూ, పాండిచ్చేరి అన్న ఊరి పేరూ ఉంటాయి. దాన్ని నేటి సాంకేతిక విశ్వవిద్యాలయం ఖాతాలో వేయాలని యంత్రానికి ఎవరు చెప్పాలి? చెప్పకపోతే ముప్ఫై ఆరేళ్ళ పనిని వదిలేసి నిన్నగాక మొన్న పుట్టిన సంస్థగా లెక్కగడుతుంది. పొరపాటున పక్కవారి ఖాతాలో పడితే వాళ్ళకు ఊరికే వచ్చిన లాభం. పట్టిక కిందనున్న చిన్న అక్షరాల్లో ఇలాంటి సంగతులు ఎలా సర్దారో రాసి ఉందో లేదో చూడండి. ఏమీ రాసి ఉండకపోతే, ఆ అంకెలో దశాంశ స్థానాలు ఎన్నున్నా నమ్మనక్కర్లేదు.

రంగాన్ని బట్టి పంట

పత్రానికి ఉల్లేఖనలు రావడం పొలానికి పంట రావడం లాంటిది. నేలను బట్టి ఉంటుంది. జీవరసాయన శాస్త్రంలో పత్రాలెక్కువ, ఒక్కో పత్రం చివర పేర్కొనేవీ ఎక్కువ. గణితంలో రెండూ తక్కువ. ఇంజనీరింగులోనే చూడండి. పదార్థ విజ్ఞానంలో పనిచేసేవారికి రెండేళ్ళలో వచ్చే ఉల్లేఖనలు వంతెనల పునాదుల మీద పనిచేసే సివిల్ ఇంజనీరుకు పదేళ్ళకైనా రాకపోవచ్చు. అందుకని పనివాళ్ళు తెలివైన పట్టికల్లో ఒక్కో పత్రాన్ని అదే రంగంలో, అదే ఏడు వచ్చిన పత్రాల సగటుతో పోలుస్తారు. సగటుకు సమానమైతే 1, రెట్టింపైతే 2. అలా సర్దకుండా సివిల్ బలంగా ఉన్న కళాశాలనూ, పదార్థ విజ్ఞానం బలంగా ఉన్న కళాశాలనూ పక్కపక్కన పెడితే రెండోదే గెలుస్తుంది. మీరు చేరాలనుకున్నది సివిల్ అయితే ఆ ర్యాంకు మీకెందుకు?

ఉల్లేఖనలు దేనికి వస్తాయన్నదీ వింతగానే ఉంటుంది. ప్రపంచంలో అత్యధిక ఉల్లేఖనలు పొందిన పత్రం ఐన్‌స్టీన్‌ది కాదు. ద్రావణంలో ప్రోటీను ఎంత ఉందో కొలిచే పద్ధతి మీద 1951లో లోరీ, ఆయన సహచరులు రాసినది, మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలు పొందింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి రాశారు. దశాబ్దాల తరబడి ప్రయోగశాలలు దాన్ని వాడాయి, వేల సార్లు పేర్కొన్నాయి. పరికరం లాంటి పత్రానికి ఉల్లేఖనలు దండిగా వస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు సంగతి దీనికి తిరుగు. 1945లో పాతికేళ్ళు నిండకముందే కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆయన రాసిన పత్రంలోని ఫలితం నేడు క్రామర్-రావు హద్దు అన్న పేరుతో ప్రతి సంఖ్యాశాస్త్ర పుస్తకంలోనూ ఉంది. రాడార్ నిపుణులూ వాడతారు. పేరు వాడతారే కాని 1945 పత్రాన్ని పేర్కొనేవాళ్ళు ఎంతమంది? పైథాగరస్‌ను ఎవరైనా పేర్కొంటున్నారా? ప్రభావం మరీ ఎక్కువైతే ఉల్లేఖన ఆగిపోతుందన్నమాట. ఆ పత్రానికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి 2023లో వచ్చింది, రాసిన డెబ్బై ఎనిమిదేళ్ళకు.

పుదుచ్చేరిలోనే మరో పాత కథ ఉంది. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని చూడడానికి లె జాంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు 1760లో బయల్దేరాడు. 1761లో ఆ వేళకు ఊరు ఆంగ్లేయుల చేతికి చిక్కడంతో ఓడ మీదే ఉండిపోయాడు, ఊగే ఓడ మీద కొలతలెక్కడివి? తరువాతి సంఘటన కోసం ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే కాచుకుని, 1769 జూన్‌లో పుదుచ్చేరిలో దుర్భిణి బిగించుకుని కూర్చుంటే, సరిగ్గా ఆ ఉదయం మబ్బు పట్టింది! ఆ పథకానికి ఏ కమిటీ అయినా సున్నా వేస్తుంది. కాని ఖాళీ సమయంలో ఆయన స్థానిక తమిళ జ్యోతిష్కుల దగ్గర గ్రహణాలు గణించే పద్ధతి నేర్చుకుని, ఆ పట్టికలను ఐరోపాకు తీసుకెళ్ళాడు. భారతీయ ఖగోళం మీద బాయీ 1787లో రాసిన గ్రంథానికీ, ఆ తరువాత స్కాట్లండుకు చెందిన ప్లేఫెయిర్ రాసిన వ్యాసానికీ అవి ఆధారమయ్యాయి. నేటి పట్టికలు సాధారణంగా గడచిన మూడు నుంచి ఐదేళ్ళ పత్రాలనే చూస్తాయి. లె జాంటీ వాటికి అందడు.

ఇసుకను ఎవరి ఖాతాలో వేయాలి?

ఎప్పుడైనా పుదుచ్చేరి వెళ్తే సముద్రపు ఒడ్డున గాంధీ విగ్రహం దగ్గర నిలబడండి. 1990ల నుంచి చాలాకాలం అక్కడ ఇసుక తీరం లేదు, నల్లబండల గుట్టలే. కారణం దక్షిణాన 1980ల చివర కట్టిన ఓడరేవు. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో కొంత వెనక్కి వచ్చినా, మొత్తం మీద ప్రయాణం ఉత్తరానికే. ఓడరేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతిగోడలు ఆ దారికి అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన ఉన్న పట్టణానికి రావలసిన ఇసుక ఆగిపోయింది. అలలు ఉన్నదాన్నీ ఊడ్చుకుపోయాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంజనీర్లు లెక్కలు కట్టి, సుమారు 900 టన్నుల త్రికోణాకారపు ఉక్కు పెట్టెను 2018లో సచివాలయం ఎదుట నీటి అడుగున దించారు. అల దాని మీద విరిగి బలం తగ్గుతుంది, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించేస్తుంది. కొద్ది నెలల్లోనే ఇసుక తీరం మళ్ళీ కనిపించింది. పిల్లలు గవ్వలేరుకోవడం మొదలుపెట్టారు.

ఈ పని ఎన్ని ఉల్లేఖనలు? తీరపు ఇంజనీరింగ్ చిన్న రంగం, ఒక్క ఊరి ఇసుక గురించిన పత్రాన్ని పేర్కొనేవాళ్ళు కొద్దిమందే. పైగా ఆ సంస్థ విశ్వవిద్యాలయం కాదు, మీ ఇంట్లో ఉన్న రెండు పట్టికల్లోనూ దాని పేరు ఉండదు. 2015లో 'నేచర్' పత్రికలో వెలువడిన లైడెన్ ప్రకటన పది సూత్రాలు చెప్పింది. వాటిలో ఒకటి, స్థానికంగా అవసరమైన పరిశోధనను కాపాడుకోమని. ఇంకొకటి, అంకెలు నిపుణుల తీర్పుకు తోడుండాలే కాని దాని చోటు ఆక్రమించకూడదని. ర్యాంకులు వేసేవాళ్ళు ఈ ప్రకటనను మెచ్చుకుంటూనే ఉన్నారు, ఇసుకకు మార్కులు వేసే గడిని మాత్రం ఇంకా ఎవరూ చేర్చలేదు.

సరే, దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది. పట్టిక చేతికొస్తే ముందు అది మొత్తమా, సగటా, మధ్యగతమా చూడండి. విశ్వవిద్యాలయం అంకె కాక మీరు చేరబోయే విభాగం అంకె దొరుకుతుందేమో వెతకండి. గూగుల్ స్కాలర్‌లో ఆ విభాగపు అధ్యాపకుల పేర్లు కొట్టి చూడడానికి ఖర్చేమీ లేదు. ఒక సాయంకాలం చాలు. వాళ్ళ పత్రాల్లో విద్యార్థుల పేర్లు సహరచయితలుగా కనిపిస్తే అది శుభ సూచన. వీలైతే అక్కడ చదువుతున్న మీ ఊరి అన్నయ్యనో అక్కయ్యనో, ప్రయోగశాల సాయంత్రం ఆరు తరువాత తెరిచి ఉంటుందా అని అడగండి.

ఈలోగా ఒక చిన్న లెక్క. పైన చెప్పిన దక్షిణ కళాశాల నుంచి సూచిక 9 ఉన్నవారూ, 8 ఉన్న ఇద్దరిలో ఒకరూ వేరే ఊరికి వెళ్ళిపోయారు. మిగిలిన ఎనిమిదిమందితో ప్రతాప్ రెండో సూచిక కట్టండి. 5 వస్తే మీ లెక్క సరి. ఉత్తర కళాశాల నుంచి 42 ఉన్నవారు ఒక్కరే వెళ్తే ఎంతవుతుందో కూడా కట్టి, రెండూ పక్కపక్కన రాసుకోండి.